నికో వెళ్లాడు సరే, మావ్స్ ఇప్పుడు ఎటు? డేవిస్, కైరీ, 2026 పిక్ గురించి మాట్లాడుకుందాం

ఇర్వింగ్ వాసి
నవంబర్ 12, 2025, ఉదయం 7:25

నిన్న నికో హారిసన్‌ను మన ఎన్‌బీఏ జట్టు డల్లాస్ మావెరిక్స్ (మావ్స్) జనరల్ మేనేజర్ పదవి నుంచి తీసేశారు. ఫిబ్రవరిలో మన స్టార్ లూకా డాన్చిచ్‌ను లేకర్స్‌కి ఇచ్చి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చింది ఆయనే. మైకేల్ ఫిన్లీ, మాట్ రికార్డీ ఇద్దరూ తాత్కాలికంగా బాధ్యత చూసుకుంటారు. నేను సోమవారం మిల్వాకీ మ్యాచ్‌కి వెళ్లాను. రెండు పాయింట్ల తేడాతో పోయింది. పై వరసల్లో కూర్చుంటే ‘ఫైర్ నికో’ (నికోని తీసేయండి) కేక ఎక్కడో కింద మొదలై, మెట్టు మెట్టూ ఎక్కి మన దాకా రావడం ఒంటికి తెలుస్తుంది. తొమ్మిది నెలలుగా మనకు తెలిసిన ప్లాన్ ఆ కేక ఒక్కటే. ఇప్పుడు ఆయన లేడు. 3 గెలుపులు, 8 ఓటములు మాత్రం అలాగే ఉన్నాయి.

అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఈ సీజన్‌ను ఏం చేయాలి? వచ్చే వేసవిలోకి ఎలాంటి జట్టుతో అడుగుపెట్టాలి? ఆంథొనీ డేవిస్‌ను ఉంచుకోవాలా, ఇచ్చేయాలా? మోకాలి గాయంతో బయటున్న గార్డ్ కైరీ ఇర్వింగ్ తిరిగొచ్చాక ఏంటి? ఈ ఏడాది మొదటి పిక్‌గా వచ్చిన కుర్రాడు కూపర్ ఫ్లాగ్ పక్కన ఎవరుండాలి? లూకా గురించి వేరే చర్చ నడుస్తోంది, ఆ బాధ నాకూ ఉంది. ఇక్కడ మాత్రం ఇకముందు సంగతి మాట్లాడదాం.

నా మాట నేను చెప్పేస్తాను. జట్లు ఆటగాళ్లను మార్చుకునే ట్రేడ్ గడువు ఫిబ్రవరి 5. ఆ లోపు డేవిస్‌ను ఇచ్చేయాలి.


బెజవాడ డంక్
నవంబర్ 12, 2025, ఉదయం 7:58

అన్నా, డేవిస్ ఒక్కడేనా? అందర్నీ ఇచ్చేయాలి. కుర్రాళ్లు ఫ్లాగ్, లైవ్లీ ఇద్దర్నీ ఉంచుకుని మిగతాదంతా మొదటి నుంచి కట్టాలి.

ఫిబ్రవరి 2 నాకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. ఆదివారం, పొద్దున పదకొండు కావొస్తోంది. లూకా లేకర్స్‌కి వెళ్లాడని ఫోన్‌లో చూసి ఎవరో అకౌంట్ హ్యాక్ చేశారనుకున్నాను. అమ్మ టిఫిన్ ప్లేట్ తెచ్చి పక్కన పెట్టింది. ఇడ్లీ చల్లారిపోయింది కానీ నేను కదల్లేదు. ఏడు నెలల క్రితం ఫైనల్స్ ఆడిన జట్టు అది! ఆ రోజు నుంచి నాకు ఈ జట్టులో పాత సరుకు మీద నమ్మకం లేదు. కైరీకి 33, క్లే థాంప్సన్‌కి 35, డేవిస్‌కి 32. ఫ్లాగ్‌కి ఇంకా 19 కూడా నిండలేదు. వీళ్లందరూ ఒకే సమయంలో ఒకే టైటిల్ కోసం ఎలా ఆడతారు?

ఓక్లహోమాని చూడండి. 2019లో పాల్ జార్జ్‌ను క్లిప్పర్స్‌కి ఇచ్చి షై గిల్జియస్ అలెగ్జాండర్‌ను, ఐదు మొదటి రౌండ్ పిక్‌లను (డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతులు) తెచ్చుకున్నారు. తర్వాత ఒక ఏడాది 22 గెలుపులు, ఇంకో ఏడాది 24. ఓపిక పట్టారు. మొన్న జూన్‌లో చాంపియన్లు. వాళ్లు చేసింది మనం ఎందుకు చేయకూడదు?


క్యాప్ లెక్కలు
నవంబర్ 12, 2025, ఉదయం 8:40

తమ్ముడూ, ఎందుకు చేయలేమో చెప్తాను. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఈ చర్చ మొత్తం దీని మీదే నిలబడుతుంది.

ఎక్కువ ఓడిన జట్టుకి పై పిక్ వచ్చే అవకాశం ఎక్కువ. ఓక్లహోమా ఓడినప్పుడల్లా ఆ లాభం ఓక్లహోమాకే వచ్చింది. మనకు ఆ సౌకర్యం లేదు. 2027 మన మొదటి రౌండ్ పిక్ షార్లెట్‌ది. మొదటి రెండు స్థానాల్లో పడితే తప్ప మనకు మిగలదు. అది పీజే వాషింగ్టన్‌ను తెచ్చుకున్నప్పుడు ఇచ్చింది. 2028లో మన పిక్, తమ పిక్ పక్కపక్కన పెట్టుకుని మంచిది తీసుకునే హక్కు ఓక్లహోమాకి ఉంది. 2029ది కైరీ కోసం బ్రూక్లిన్‌కి ఇచ్చాం, అది చేతులు మారి ఇప్పుడు హ్యూస్టన్ దగ్గరుంది. 2030లో మార్చుకునే హక్కు శాన్ ఆంటోనియోది. అంటే 2027 నుంచి 2030 దాకా నాలుగేళ్లు మన ఓటమి పక్కింటివాళ్ల పంట. అందులో ఇద్దరు మన టెక్సాస్ వాళ్లే!

పూర్తిగా మన చేతిలో ఉన్న సొంత పిక్ 2026ది ఒక్కటే. అది పోతే మళ్లీ 2031. లూకాకి బదులుగా వచ్చిన లేకర్స్ 2029 పిక్ ఒకటి ఉంది, అది వేరే.

ఇప్పుడు ఫ్లాగ్ కాంట్రాక్ట్ చూడండి. నాలుగేళ్లకు సుమారు 62.7 మిలియన్ డాలర్లు, ఈ ఏడాది 13.8 మిలియన్. అంత తక్కువ జీతానికి అంత మంచి ఆటగాడు దొరికే కాలం 2029 వేసవితో అయిపోతుంది. సరిగ్గా మనకు పిక్‌లు లేని ఆ ఏళ్లలోనే అతను మనకు చవగ్గా దొరుకుతున్నాడు. అందుకే మూడు నాలుగేళ్లు ఓడుతూ కూర్చునే రీబిల్డ్ మనకు కుదరదు. మనకున్నది ఈ ఒక్క ఏడాది.

2013లో బ్రూక్లిన్ ఏం చేసిందో గుర్తుందా? ముసలి గార్నెట్, పియర్స్‌ల కోసం బోస్టన్‌కి పిక్‌లన్నీ రాసిచ్చింది. తర్వాత బ్రూక్లిన్ అడుగున పడింది. ఆ పిక్‌ల మీదే బోస్టన్‌కి జేలెన్ బ్రౌన్, టేటమ్ వచ్చారు. 2024 ఫైనల్స్‌లో మనల్ని 4-1తో ఓడించింది వాళ్లిద్దరే. ఆ నొప్పి మనకు బాగా తెలుసు.


ఏడీ కావాలి
నవంబర్ 12, 2025, ఉదయం 9:05

అందరూ నా ఏడీని, అదే ఆంథొనీ డేవిస్‌ను, అమ్మకానికి పెట్టేశారు. అసలు ఆయన మనకు ఆడింది ఎంత? నిరుడు 9 మ్యాచ్‌లు, ఈ ఏడాది 5. ఫిబ్రవరి 8న హ్యూస్టన్ మీద మొదటి మ్యాచ్ గుర్తు తెచ్చుకోండి. 26 పాయింట్లు, 16 రీబౌండ్లు, 7 అసిస్ట్‌లు. అదీ మూడో క్వార్టర్‌లో గాయపడి వెళ్లేలోపే. ఆ రాత్రి స్టేడియంలో కోపంతో వచ్చినవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. పక్కన లైవ్లీ, గాఫర్డ్, పీజే, ఇప్పుడు ఫ్లాగ్. ఇంత పొడవు, ఇంత డిఫెన్స్ లీగ్‌లో ఎంతమందికి ఉంది? కైరీ లేకుండా, సగానికి పైగా మ్యాచ్‌ల్లో డేవిస్ కూడా లేకుండా 3-8 అయితే ‘ప్లాన్ ఫెయిల్’ అంటున్నారు. ఆ ప్లాన్ ఒక్క రోజు కూడా పూర్తిగా కోర్టు మీదకు రాలేదండీ. వంట మధ్యలో పొయ్యి ఆర్పేసి కూర బాగాలేదంటే ఎలా?


ఇర్వింగ్ వాసి
నవంబర్ 12, 2025, ఉదయం 9:20

మీరన్న హ్యూస్టన్ మ్యాచ్ నేనూ చూశాను, నిజంగా గొప్పగా ఆడాడు. కానీ ఆ పొయ్యి ఆర్పింది మనం కాదు. తొడ లోపలి కండరం, తర్వాత జూలైలో కంటి రెటీనా ఆపరేషన్, ఇప్పుడు పిక్క. 32 ఏళ్ల మనిషికి శరీరం ఇంతకంటే బాగవుతుందని ఏ ధైర్యంతో అనుకోవాలి? ఈ ఏడాది 54 మిలియన్, వచ్చే ఏడాది 58 మిలియన్ పైన, ఆ తర్వాత ఏడాది ఆయన ఉంటానంటే సుమారు 63 మిలియన్. వచ్చే ఆగస్టు నుంచి కాంట్రాక్ట్ పొడిగింపు కూడా అడగొచ్చు. ఇవ్వకపోతే అలక, ఇస్తే మన మెడకు గుదిబండ. ఆయన చెడ్డవాడని కాదు, ఆయన వయసూ ఫ్లాగ్ వయసూ కలవవు.


పాత కాపు
నవంబర్ 12, 2025, ఉదయం 10:15

నేను డల్లాస్ వచ్చింది 1992లో. అప్పుడు మావ్స్ రీయూనియన్ అరీనాలో ఆడేవాళ్లు. ఆ సీజన్ 11 గెలుపులు, 71 ఓటములు. మరుసటి ఏడాది 13, 69. ఓడటమంటే ఏంటో ఈ ఊరికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

అన్ని ఓటముల ఫలితంగా మనకు దొరికినవాళ్లు మంచివాళ్లే. జిమ్ జాక్సన్, జమాల్ మాష్‌బర్న్, 1994లో రెండో పిక్‌గా జేసన్ కిడ్. ముగ్గురూ కుర్రాళ్లు. టీవీలో, పేపర్లో వాళ్ల మాటే. ఆఫీసులో నా పక్క సీటతను ఐదేళ్లలో టైటిల్ అని పందెం కాశాడు. రెండున్నరేళ్లకే ఒకరికొకరు పడక జట్టు చెదిరింది. 1996 డిసెంబర్‌లో కిడ్‌ను ఫీనిక్స్‌కి పంపేశారు. అటు నుంచి వచ్చినవాళ్లలో ఒకడు ఎవరో తెలుసా? మైకేల్ ఫిన్లీ. ఆ కిడ్ ఇవాళ మన కోచ్. ఆ ఫిన్లీ నిన్నటి నుంచి జట్టు నడిపేవాడు. ఈ వార్త చదివి నేను కాసేపు అలా కూర్చుండిపోయాను.

నేను చెప్పేది ఏంటంటే, వరసగా పదేళ్లు ప్లేఆఫ్స్ లేకుండా గడిపాం. మళ్లీ 2001లో వెళ్లాం. మమ్మల్ని లేపింది ఓటములతో వచ్చిన పెద్ద పిక్‌లు కాదు. ఫిన్లీ, నాష్, 1998లో తొమ్మిదో పిక్‌గా ఎంపికై ఆ రోజే మన దగ్గరకొచ్చిన డర్క్ నోవిట్స్కీ. పక్కనున్న పెద్దవాళ్లు సరైనవాళ్లయితేనే కుర్రాడు నిలబడతాడు. ఫ్లాగ్‌ను ఎవరూ లేని ఇంట్లో ఒంటరిగా వదలొద్దు.


బెజవాడ డంక్
నవంబర్ 12, 2025, ఉదయం 10:31

బాబాయ్, కిడ్, ఫిన్లీ సంగతి నాకు తెలియదు! ఇలాంటివి ఇంకా రాయండి.


నారాయణగూడ గార్డ్
నవంబర్ 12, 2025, ఉదయం 11:02

డేవిస్ ఉన్నా పోయినా, నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. కైరీ లేకపోవడంతో కోచ్ కిడ్ సీజన్ మొదట్లో ఫ్లాగ్‌ను పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి తెచ్చి ఆట నడిపేవాడిగా ఆడించాడు. నేను వైఎంసీఏ కోర్టులో ఆరేళ్లు ఆ స్థానంలోనే ఆడాను. అందుకని బంతి ఎవరి దగ్గరుందో కాదు, తెచ్చేటప్పుడు కాళ్లు ఎలా పడుతున్నాయో చూస్తాను.

శాన్ ఆంటోనియోతో మొదటి మ్యాచ్ మళ్లీ పెట్టుకుని చూడండి. 125-92తో ఓడాం, వెంబన్యామా 40 కొట్టాడు, అది పక్కన పెట్టండి. ఆరడుగుల తొమ్మిదంగుళాల కుర్రాడు బంతి తెస్తుంటే తనకంటే పొట్టి గార్డ్ నడుము దగ్గర చేయి పెట్టి అతుక్కుపోతాడు. పొట్టివాడికి బంతి అందకుండా ఫ్లాగ్ వీపు తిప్పాలి. వీపు తిప్పితే కోర్టు కనబడదు. సగం గీత దాటి మళ్లీ మొహం తిప్పేసరికి ఏడెనిమిది సెకన్లు పోయాయి. అప్పుడు ఎవరికో ఇచ్చేసి మూలకు వెళ్లి నిలబడతాడు. అక్కడితో అతని పని అయిపోతుంది. అదే రీబౌండ్ తనే పట్టి పరుగందుకున్నప్పుడు చూడండి, మూడు అంగల్లో అవతలి బుట్ట దగ్గరుంటాడు. ఎవరూ ఆపలేరు.

కాబట్టి వచ్చే వేసవిలో నేను అడిగేది ఒక్కటే. మంచి గార్డ్ కావాలి. కైరీ వచ్చినా 34 ఏళ్ల కైరీ వస్తాడు. 2026 డ్రాఫ్ట్‌లో కాన్సాస్ కుర్రాడు డారిన్ పీటర్సన్ ఉన్నాడు. పైన డిబాంట్సా, బూజర్ పేర్లు కూడా వినబడుతున్నాయి కానీ మనకు అతుక్కునేది పీటర్సనే. అందుకే ఆ పిక్ నాకు బంగారం.


ప్లానో అమ్మ
నవంబర్ 12, 2025, మధ్యాహ్నం 12:10

ఆ పిక్ బంగారం కావాలంటే ఎక్కువ మ్యాచ్‌లు ఓడాలి కదండీ. దాని గురించి ఎవరూ సూటిగా మాట్లాడటం లేదు. నేను మాట్లాడతాను.

మా వాడికి పదకొండేళ్లు. వాడి పుట్టినరోజుకి లూకా 77 నంబర్ జెర్సీ కొనిచ్చాం. ట్రేడ్ జరిగిన మర్నాడు వాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి, అలమరలో వాళ్ల నాన్న శీతాకాలం కోట్ల కింద దాచాడు. పారేయనివ్వలేదు, వేసుకోనూ లేదు. ఏప్రిల్‌లో లూకా లేకర్స్ తరఫున ఇక్కడికి వచ్చి కన్నీళ్లు పెట్టుకున్న రాత్రి వాడు నా ఒళ్లో తల పెట్టుకుని చూశాడు. ఆ రోజు లూకా 45 కొట్టాడు. మే నెలలో డ్రాఫ్ట్ మొదటి పిక్ లాటరీ గెలిచినప్పుడు మాత్రం సోఫా మీద నుంచి ఎగిరి దూకాడు. మనకున్న అవకాశం 1.8 శాతం అంటే ఎంత చిన్నదో వాడికి నేనే లెక్క వేసి చూపించాను. వెయ్యి గోళీలలో పద్దెనిమిది. ఇప్పుడు ఫ్లాగ్ 32 నంబర్ జెర్సీ వేసుకుని తిరుగుతున్నాడు.

నేను వాడికి ఏమని చెప్పాలి? ‘నాన్నా, మనవాళ్లు ఈ ఏడాది కావాలనే ఓడిపోతున్నారు, నువ్వు మాత్రం చప్పట్లు కొట్టు’ అనా? 2023 ఏప్రిల్‌లో షికాగో మ్యాచ్‌లో అదే చేశారు. ప్లేఆఫ్స్‌కి చివరి దారి అయిన ప్లే-ఇన్ అవకాశం ఇంకా ఉండగానే కైరీని, మిగతావాళ్లను కూర్చోబెట్టారు, లూకాని మొదటి క్వార్టర్ తర్వాత బయటికి తీసేశారు. లీగ్ 7,50,000 డాలర్లు జరిమానా వేసింది. ఆ రోజు మేం స్టేడియంలోనే ఉన్నాం. మా వాడు ‘లూకాకి దెబ్బ తగిలిందా అమ్మా’ అని మ్యాచ్ అయ్యేదాకా అడుగుతూనే ఉన్నాడు.


క్యాప్ లెక్కలు
నవంబర్ 12, 2025, మధ్యాహ్నం 12:48

అమ్మగారూ, మీ బాధ పూర్తిగా న్యాయం. ఆ మ్యాచ్ గురించి నేను గర్వపడను. కానీ దాని తర్వాత జరిగింది కూడా చెప్పాలి. అప్పుడు మన పిక్ మొదటి పదిలో పడకపోతే న్యూయార్క్‌కి పోయేది. ఆ ఓటమితో పదోదిగా నిలిచింది. దాన్ని ఓక్లహోమాకి ఇచ్చి, బెర్టాన్స్ జీతాన్ని కూడా వదిలించుకుని, 12వ పిక్ తెచ్చుకుని డెరెక్ లైవ్లీని తీసుకున్నాం. మరుసటి ఏడాది లైవ్లీ ఫైనల్స్ ఆడాడు. ఆ ఒక్క సాయంత్రం లేకపోతే 2024 లేదు.

అయితే కావాలని ఓడమని నేను అనడం లేదు. ఉన్నవాళ్లు గెలవడానికే ఆడాలి. గాయపడ్డవాళ్లను తొందరపెట్టి దింపొద్దు, డేవిస్‌ను మంచి ధరకు పంపాలి, కుర్రాళ్లకు నిమిషాలివ్వాలి. దాంతో వచ్చే గెలుపోటములు ఏవైతే అవి.


ఏడీ కావాలి
నవంబర్ 12, 2025, మధ్యాహ్నం 1:05

పేరు ఏదైనా పని అదే కదా. పైగా ఓడితే పిక్ పైకి వస్తుందని రాసిపెట్టి ఉందా? నిరుడు యూటా 17 గెలుపులతో అందరికన్నా అడుగున ఉంది, ఐదో పిక్ వచ్చింది. వాషింగ్టన్ 18 గెలుపులు, ఆరో పిక్. డెట్రాయిట్ వరసగా రెండేళ్లు చివర నిలిచి రెండుసార్లూ ఐదో పిక్ తీసుకుంది. 2019లో మార్చిన పద్ధతిలో అడుగున ఉన్న మూడు జట్లకూ తలా 14 శాతమే. 39 మ్యాచ్‌లు గెలిచిన మనకే మొదటిది వచ్చింది. ఓటములకు ఇంత విలువ కట్టడం నాకు అర్థం కావడం లేదు.


ఇర్వింగ్ వాసి
నవంబర్ 12, 2025, మధ్యాహ్నం 1:30

ఇది మంచి పాయింట్. నా దగ్గర దీనికి గట్టి జవాబు లేదు. ఐదో పిక్ వచ్చినా ఫ్లాగ్ పక్కన ఇంకో కుర్రాడు దొరుకుతాడు, 2031 దాకా అలాంటివాడు మళ్లీ దొరకడు అన్నదొక్కటే నా ధైర్యం.


నారాయణగూడ గార్డ్
నవంబర్ 12, 2025, మధ్యాహ్నం 1:52

డెట్రాయిట్ పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2023-24లో వాళ్లు వరసగా 28 ఓడి మొత్తం 14 గెలిచారు. మరుసటి ఏడాది 44! మధ్యలో ఏ పెద్ద స్టార్ రాలేదు. టోబయాస్ హారిస్, మాలిక్ బీస్లీ, మన దగ్గర నుంచే వెళ్లిన టిమ్ హార్డవే జూనియర్ లాంటి బయటి నుంచి షాట్ వేయగల పెద్దవాళ్లను తెచ్చి కేడ్ కనింగ్‌హామ్ చుట్టూ చోటు చేశారు. కొత్త కోచ్ వచ్చాడు. కేడ్‌కి దారి కనిపించింది. పాత కాపు గారు అన్నది కూడా ఇదే. ఫ్లాగ్‌కి కావాల్సింది అలాంటి చోటు. నాలుగు పొడుగు శరీరాలు బుట్ట దగ్గరే మూగితే అతను ఎటు నుంచి దూరాలి?


బెజవాడ డంక్
నవంబర్ 12, 2025, మధ్యాహ్నం 2:10

ఒప్పుకుంటున్నా. క్యాప్ లెక్కలు అన్న రాసిన పిక్‌ల జాబితా రెండుసార్లు చదివాను. పొద్దున అందర్నీ ఇచ్చేయాలన్నాను, ఇప్పుడు అలా అనను. 2027లో 20 గెలుపులతో షార్లెట్‌కి పిక్ ఇస్తే నా గుండె ఆగుతుంది. కానీ డేవిస్‌కి ఎవరు ఏం ఇస్తారు? అది చెప్పండి.


క్యాప్ లెక్కలు
నవంబర్ 12, 2025, మధ్యాహ్నం 3:25

కష్టమైన ప్రశ్న అడిగావు. ముందు మన చేతులకున్న కట్లు చూద్దాం.

జట్టు మొత్తం జీతాల మీద లీగ్ గీసిన హద్దుల్ని ఆప్రాన్ గీతలంటారు. ఈ ఏడాది మొదటిది సుమారు 195.9 మిలియన్, రెండోది 207.8 మిలియన్. మనం మొదటి గీత దాటేశాం. అంటే ట్రేడ్‌లో పంపిన జీతం కంటే ఒక్క డాలర్ ఎక్కువ తీసుకోకూడదు. డిఆంజెలో రసెల్‌ను తెచ్చుకున్న పద్ధతి వల్ల రెండో గీత ఏ పరిస్థితిలోనూ దాటకూడదు. డేవిస్ జీతం 54 మిలియన్. అవతలివాళ్లు దానికి సరిపోయే జీతాలు పోగు చేయాలంటే ముగ్గురు నలుగురు ఆటగాళ్లను కట్టగట్టాలి. వాళ్లు కూడా రెండో గీత దాటిన జట్టయితే అలా కట్టగట్టే వీలే లేదు. కొనగలిగే జట్లు చాలా తక్కువ, గాయాల జాబితా అందరికీ తెలుసు. కాబట్టి లూకా స్థాయి ధర కలలో కూడా అనుకోవద్దు.

నేను అడిగేది మూడు. మొదటిది, త్వరగా ముగిసే కాంట్రాక్టులు, వేసవికి మన జీతాల భారం దిగాలి. రెండోది, షాట్ వేయగల 24 ఏళ్ల లోపు గార్డ్ ఒకడు. మూడోది, 2027 నుంచి 2030 మధ్యలో పడే మొదటి రౌండ్ పిక్ ఒకటి, వీలైతే రెండు. మన పిక్‌లు పరాయివాళ్ల దగ్గరున్న ఏళ్లలోనే మనకు పరాయి పిక్ కావాలి. ఈ ఏడాది క్లిప్పర్స్ పిక్ ఓక్లహోమా దగ్గరుంది. చాంపియన్‌గా ఉంటూ కూడా వాళ్లు క్లిప్పర్స్ ఓటమికి ఎదురుచూస్తున్నారు. ఆ సుఖం మనకూ ఒక్కసారి దక్కాలి.

మంచి బేరం రాకపోతే వేసవి దాకా ఆగడమే మేలు. కోపంలో అమ్మితే ఏమవుతుందో ఈ ఊరు ఒకసారి చూసింది. ఒక్క జట్టుతోనే, అదీ గుట్టుగా మాట్లాడి బేరం ముగించారు. ఈసారి ఫిన్లీ అన్ని తలుపులూ తట్టాలి.


ఏడీ కావాలి
నవంబర్ 12, 2025, మధ్యాహ్నం 3:50

ఆ చివరి మాటతో నేనూ ఏకీభవిస్తాను. ఇచ్చేటట్టయితే గౌరవంగా ఇవ్వండి. ఆయన తనంతట తాను డల్లాస్‌ను అడిగి రాలేదు, లూకాని పంపిందీ ఆయన కాదు. ఆ ట్రేడ్ మీద కోపమంతా ఆయన శరీరం మీద చూపిస్తున్నారు, అది నాకు నచ్చదు. నా పేరు మాత్రం ఫిబ్రవరి దాకా మార్చను.


ప్లానో అమ్మ
నవంబర్ 12, 2025, సాయంత్రం 4:15

కైరీ గురించి ఎవరూ రాయలేదు. మార్చి 3న శాక్రమెంటో మ్యాచ్‌లో ఎడమ మోకాలి లిగమెంట్ తెగింది. ఏడుస్తూనే లైన్ దగ్గరకు నడిచి రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. రెండూ పడ్డాయి. తర్వాతే లోపలికి వెళ్లాడు. అలాంటివాడి పక్కన మా 32 నంబర్ పిల్లాడు ఒక్క సీజన్ అయినా ఆడాలని నా కోరిక. మూడేళ్లకు 119 మిలియన్ దాకా ఇచ్చారు, అందరూ ఎక్కువన్నారు. నేను అనను. డేవిస్‌ను పంపినా సరే, కైరీని మాత్రం ఉంచండి. పిల్లలు చూసి నేర్చుకునేది ఇలాంటివాళ్లను చూసే.


పాత కాపు
నవంబర్ 12, 2025, సాయంత్రం 4:40

అమ్మా, మీతో నూరు పాళ్లు ఏకీభవిస్తున్నాను. 2026-27 నుంచి మనకు ఓడే తీరిక లేదు. అప్పటికి కైరీ ఆరోగ్యంగా ఉంటే అతనే ఆ వారధి. క్లే కూడా రెండు మాటలు చెప్పగలడు. ఫ్లాగ్, లైవ్లీ, మ్యాక్స్ క్రిస్టీ, కొత్త పిక్, ఈ నలుగురికీ 23 లోపే. వాళ్ల మీద ఇద్దరు పెద్దవాళ్లు చాలు. ఒక్క లైవ్లీ పాదం గురించే నాకు టెన్షన్. నిరుడు సగం మ్యాచ్‌లు కూడా ఆడలేదు.

ఇంకొక మాట. కొత్త జనరల్ మేనేజర్‌ను ఎంచుకోవడానికి యజమాని ప్యాట్రిక్ డూమాంట్ తొందరపడకూడదు. 2023 చివర్లో జట్టు కొన్నప్పటి నుంచి బాస్కెట్‌బాల్ ఒక్కరి మాట మీదే నడిచింది, ఆ ఒక్కరి మాట విని లూకాని పంపడానికి ఒప్పుకున్నారు. సోమవారం మ్యాచ్‌లో ఆయన పక్కన లూకా జెర్సీ వేసుకున్న ఒక కుర్రాడు కూర్చుంటే అతనితో తప్పు జరిగిందన్నట్టు మాట్లాడారని పేపర్లు రాశాయి. అది నిజమైతే మంచి మొదలు. ఆ మాట వేసవి దాకా నిలబెట్టుకోవాలి.


బెజవాడ డంక్
నవంబర్ 12, 2025, సాయంత్రం 5:05

బాబాయ్, మీరు ఉన్నంతకాలం ఈ వేదిక వదలను. మీకు ఇవాళ రాత్రి జరిగే మ్యాచ్ ఇక్కడ విజయవాడలో పొద్దున ఏడింటికి. అలారం పెట్టేశాను. ఇన్నేళ్లూ లూకా కోసం లేచాను. నెల రోజులుగా ఫ్లాగ్ కోసం లేస్తున్నాను, మొదట్లో అలవాటు కొద్దీ. మొన్న మిల్వాకీ మ్యాచ్‌లో అతను బంతి అందుకుంటుంటే కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నానని ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.


ఇర్వింగ్ వాసి
నవంబర్ 12, 2025, సాయంత్రం 5:30

నేను రైల్లో ఉన్నాను, విక్టరీ స్టేషన్‌కి పది నిమిషాలు. పొద్దున డేవిస్‌ను ఫిబ్రవరి లోపు ఇచ్చేయాలని రాశాను. క్యాప్ లెక్కలు చెప్పిన తర్వాత ఒక్క మార్పు: మంచి బేరం వస్తేనే. రాకపోతే వేసవి. మిగతా అంతా అలాగే.

స్టేడియం బయట డర్క్ విగ్రహం ఉంది కదా, ఒక కాలు లేపి వెనక్కి వాలి షాట్ వేస్తున్నట్టు. దాని కింద విశ్వాసం ఎన్నటికీ వాడిపోదని చెక్కి ఉంటుంది. ఫిబ్రవరిలో ట్రేడ్ మర్నాడు జనం అక్కడికి శవపేటిక తెచ్చి పెట్టారు, పూలు పెట్టారు. నేనూ ఆ రోజు వెళ్లి గంటసేపు నిలబడి వచ్చాను. తర్వాత ప్రతి మ్యాచ్‌కీ ఆ పక్క తలుపు వదిలి వెనక గేటు నుంచి వెళ్తున్నాను. ఇవాళ విగ్రహం ముందు నుంచి వెళ్తాను. ప్లానో అమ్మగారూ, మీ వాడు వస్తున్నాడా? 32 జెర్సీతో కనబడితే చేయి ఊపుతాను.


ప్లానో అమ్మ
నవంబర్ 12, 2025, సాయంత్రం 5:41

వస్తున్నాం అన్నయ్యా. కారులో ఉన్నాం. వాడు 32 వేసుకున్నాడు. 77 కూడా బ్యాగులో పెట్టుకున్నాడు, ఎందుకని నేను అడగలేదు.